మూడు వేళ్ల ముద్ర

పొద్దున్నే వాకిట్లో ముగ్గు చూడగానే, రాత్రి పిల్లి తొక్కిందో, తెల్లారాక కాకి వాలిందో మీరు చెప్పెయ్యగలరు కదూ? అచ్చంగా ఆ నేర్పుతోనే ఒక అరుదైన పక్షి జాడ తీశారండీ.

దాని పేరు కలివికోడి. 1848లో జెర్డన్ అనే దొర దీన్ని లోకానికి తెలియజేశాడు. 1900 తర్వాత ఎవరి కంటా పడకపోయేసరికి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల చిట్టడవుల దగ్గర, ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ దాన్ని పట్టి పరిశోధకులకు అందించాడు. పట్టిన పిట్ట మాత్రం బతకలేదు.

తర్వాత వచ్చిన పరిశోధకులు వేరే దారి తొక్కారు. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలుగా పరిచారు. సాయంత్రం దాన్ని చదును చెయ్యాలి, తెల్లారగానే వెళ్లి అడుగులు చదవాలి. కలివికోడికి ముందు మూడు వేళ్లే, వెనక వేలుండదు. అలాంటి పాదాలున్న పిట్టలు ఇంకా ఉన్నాయి కనుక ప్రతి ముద్రనీ కొలవాలి. ఏ ముద్రా లేని ఉదయాలే ఎక్కువ. అయినా సాయంత్రానికి మళ్లీ చదును చెయ్యాల్సిందే!

నిన్న చేసిన పనే ఇవాళా చెయ్యడంలో ఉన్న ఓర్పు మనకు ఒకరు చెప్పాలా? మీ పిల్లలు పిచ్చుకపిల్లను గుప్పిట్లో పట్టుకొస్తే కోప్పడకండి. దాన్ని గూటికి చేర్పించి, ముట్టుకోకుండా చూడడం నేర్పండి. చూడడమూ ఒక విద్యే. సెలవు.