కంది వేళ్లపై ముత్యాలు
(తాండూరు రైతుల సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అందరికీ సంతోషమే. కాని అదే నేలలో ఏటేటా కందియే వేయుచుండగా, భూమిలో మరొక ప్రాణి కూడ మన కందిని నమ్ముకొని పెరుగవచ్చును. నేడు దానిని గురించి చెప్పెదను.

చెరువులోని అమీబా నీరెండినపుడు తన చుట్టూ గట్టి గోడ కట్టుకొని లోపల నిద్రించును. కంది వేరునాశించు తిత్తి నులిపురుగు పద్ధతి వేరు. పిల్ల పురుగు వేరులో దూరి రసము పీల్చును. ఆడపురుగు నిమ్మకాయ ఆకారమున ఉబ్బి, వేరు చీల్చుకొని బయటకు వచ్చును. కొన్ని గ్రుడ్లు వెలుపల జిగురుసంచిలో పెట్టి, మిగిలినవి కడుపులోనే ఉంచుకొని చనిపోవును. అపుడు దాని చర్మమే గట్టిపడి గోధుమరంగు తిత్తి యగును. తల్లి శవమే పిల్లలకు గాదె! అందులోని గ్రుడ్లు పంట లేకున్నను సంవత్సరముల తరబడి బ్రతికియుండగలవు. 1967లో కోషీ అను శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించి హెటెరోడెరా కజాని అని పేరు పెట్టెను.

చేనిలో అక్కడక్కడ మొక్కలు గిడసబారి పచ్చబడిన, ఎరువు చాలలేదని యూరియా చల్లుదుము. అది దండుగ కావచ్చును. విత్తిన నెల, నెలా అయిదు రోజులకు అటువంటి మొక్కను మట్టితో సహా త్రవ్వి, నీటిలో మెల్లగా కడిగి చూడుడు. గుండుసూది తలకంటె చిన్నవిగా తెల్లని ముత్యములు కనబడిన అవి ఆడపురుగులు. వీనిని చూచి వేరుబుడిపెలని భ్రమపడరాదు. బుడిపె చాల పెద్దది, కోసిన లోపల ఎర్రగా నుండును, అది మనకు మిత్రుడు.

ఇక్కడనే చాలమంది పొరబడుదురు. కందికి బదులు పెసర, మినుము, బొబ్బర్లు వేసి “పంట మార్చితిమి” అందురు. ఈ పురుగుకు అవియు విందే! జొన్న, సజ్జ, మొక్కజొన్న వేసిన దానికి తిండి దొరకదు. అయితే కందిలో జొన్న సాళ్లు కలిపిన చాలదు, కంది వేరు అక్కడనే యున్నది గదా.

వేసవి లోతుదుక్కి వలన తిత్తులు ఎండకు వచ్చి కొంత నశించును. తడినేలపై ప్లాస్టిక్ కాగితము పరచి వేడెక్కించుట మంచిదే గాని, చేనంతటికి ఖర్చు ఎక్కువ. నాటు కంది వేయువారు నారు సంచులలో నింపు మట్టికైనను చేయవచ్చును. పురుగున్న చేనిని చివర దున్నించుడు. కిరాయి ట్రాక్టరు చక్రములకంటిన మట్టితోనే తిత్తి పొరుగు చేనికి పోవును.

అనుమానమున్న మొక్కను వ్యవసాయాధికారికి చూపునపుడు పీకి తేవద్దు. పీకిన ముత్యములు రాలిపోవును. మట్టిగడ్డతో త్రవ్వి, తడి గుడ్డలో చుట్టి తెండు.