పరదేశపు పెళ్ళి – కాగితాల సంగతి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నన్ను జర్మనీ అనుభవాలు చెప్పమన్నారు. అక్కడి రైళ్ళూ మంచూ మీరు ఫోన్లలో రోజూ చూస్తూనే ఉన్నారు. పొద్దుటి నుంచి పలకరించినవాళ్ళలో సగం మంది నన్ను అడిగింది వేరే సంగతి. "అక్కడి అబ్బాయినే చేసుకున్నావటగా, అయితే పౌరసత్వం వచ్చేసినట్టేనా?" అని. ఈ బడి పిల్లలు చాలామంది బయటి దేశాలకు వెళ్తున్నారు. వాళ్ళకు పనికొస్తుందని ఆ సంగతే చెబుతాను.

ముందు పెళ్ళి. జర్మనీలో చట్టానికి లెక్కలోకి వచ్చేది రిజిస్ట్రారు ఆఫీసులో జరిగిన పెళ్ళే. చర్చిలో చేసుకున్నా, గుడిలో చేసుకున్నా అది మన తృప్తికి. మా అమ్మ కోసం మేం అన్నవరంలో వ్రతం చేసుకున్నాం, కానీ చెల్లే కాగితం మాత్రం అక్కడి ఆఫీసు ఇచ్చిందే. పరాయి దేశస్థులు పెళ్ళాడాలంటే, అందుకు అర్హత ఉందని తమ దేశం నుంచి పత్రం తేవాలి. వాళ్ళు అడిగే తీరులో ఆ పత్రం మన దేశం ఇవ్వదు. అందుకని అక్కడి పై కోర్టు అధ్యక్షుడు మినహాయింపు ఇవ్వాలి. అది చెల్లేది ఆరు నెలలే. ఈ తిప్పలు పడలేక చాలా జంటలు డెన్మార్క్‌లోని ఎరో దీవికి వెళ్ళి పెళ్ళి చేసుకొస్తారు.

మేం జర్మనీలోనే చేసుకున్నాం. నా జనన పత్రం, పెళ్ళి కాలేదన్న పత్రం నిజమైనవేనా అని విచారించడానికి ఒకాయన మా ఊరు వచ్చారు. పంచాయతీ ఆఫీసులో రిజిస్టరు చూశారు, ఇరుగుపొరుగుని అడిగారు. ఆ తర్వాత ఈ బడికే వచ్చి అడ్మిషన్ రిజిస్టరు తీయించారు. ఆరో తరగతిలో చేరిన రోజున మాస్టారు రాసిన ఇంటిపేరు, పేరు, పుట్టినతేదీ నా పాస్‌పోర్టుతో అక్షరం తేడా లేకుండా కలిశాయి. అందుకే మాస్టార్లకు ఇవాళ దణ్ణం పెడుతున్నాను. పిల్లలూ, మీ పదో తరగతి సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్టులో, జనన పత్రంలో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే, ఆ ఇద్దరూ ఒకరేనని రుజువు చేయడానికే నెలలు పడతాయి.

రెండోది నివాస హక్కు. పెళ్ళి మాట చెప్పినప్పుడు మా నాన్నగారు కులం అడగలేదు, మతం అడగలేదు. "ఆ దేశంలో నీకంటూ ఏం హక్కు ఉంటుందమ్మా?" అని అడిగారు. అంతకంటే మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

జర్మన్ పౌరుణ్ణి పెళ్ళాడితే పౌరసత్వం రాదు, రెసిడెన్స్ పర్మిట్ వస్తుంది. దానితో వెంటనే ఉద్యోగం చేసుకోవచ్చు. ఇక్కడి నుంచి భర్త దగ్గరికి వెళ్ళేవాళ్ళు మామూలుగా ఎ1 స్థాయి జర్మన్ పాసవ్వాలి. మూడేళ్ళు కలిసి కాపురం చేసి, బి1 స్థాయి భాష వస్తే, మిగతా షరతులు కూడా కుదిరినవాళ్ళకు స్థిర నివాసం ఇస్తారు. కానీ ఆ మూడేళ్ళూ నిండేవరకు పర్మిట్ నిలబడేది పెళ్ళి మీదే. ఈలోగా కాపురం చెడితే పర్మిట్‌కి ఆధారం పోతుంది. హింస భరించాల్సి వచ్చిన వాళ్ళకు చట్టంలో మినహాయింపు ఉంది. అది తెలియక నోరు మూసుకుని ఉండిపోయేవాళ్ళూ ఉన్నారు. నాకు తెలిసిన ఒక తెలుగమ్మాయి కాపురం రెండో ఏడే విరిగిపోయింది. ఆమె ఏడ్చింది మొగుడి కోసం కాదు, "రేపు నేనెక్కడ ఉండాలి?" అని. చదువు ఉంది కాబట్టి ఉద్యోగం వెతుక్కుని, దాని మీద వేరే పర్మిట్ తీసుకుని నిలబడింది.

నాకు అప్పటికే ఉద్యోగం మీద బ్లూ కార్డు ఉంది. "పెళ్ళి మీద పెట్టుకుంటే సులువు కదా" అని స్నేహితులు అన్నారు. నేను బి1 పాసై, 21 నెలల పింఛను చందా చూపించి, నా ఉద్యోగం మీదే స్థిర నివాసానికి దరఖాస్తు పెట్టాను. మా ఆయన కూడా అదే మంచిదన్నారు. కోపం వచ్చినరోజు నిర్భయంగా పోట్లాడాలంటే ఎవరి కార్డు వాళ్ళకి ఉండాలి!

ఇక మూడోది, మీరంతా ఎదురుచూస్తున్న హనీమూన్. పెళ్ళినాటికి నా దరఖాస్తు ఇంకా ఆఫీసులోనే ఉంది, పాత కార్డు గడువు అయిపోయింది. అలాంటప్పుడు ఒక మధ్యంతర పత్రం ఇస్తారు. దేశం దాటి వెళ్ళి తిరిగి రావచ్చా లేదా అన్నది అందులో ఏ గడిలో టిక్ పెట్టారో దాన్ని బట్టి ఉంటుంది. చాలామంది అది చూసుకోకుండా టికెట్లు కొనేస్తారు. నా పత్రంలో రావచ్చనే ఉంది. అయినా ప్రతి విమానాశ్రయంలోనూ ఆ కాగితం గురించి ఉపన్యాసం ఇవ్వడం హనీమూన్ కాదని, కార్డు వచ్చేదాకా ఆగాం.

ఆయన స్కాట్లాండ్ అన్నారు. అక్కడికి జర్మన్ పాస్‌పోర్టుతో ఆయన వీసా లేకుండా వెళ్ళగలరు, నేను మాత్రం బ్యాంకు కాగితాలూ వేలిముద్రలూ ఇచ్చి వీసా కోసం కాచుకోవాలి. ఇటలీ, గ్రీసు అయితే నా జర్మన్ కార్డు చాలు, 180 రోజుల్లో 90 రోజుల వరకు తిరగొచ్చు. ఇండియా అయితే వీసా తిప్పలు ఆయనవి. చివరికి మారిషస్ అనుకున్నాం. ముందుగా వీసా తీసుకునే పని ఇద్దరికీ లేదు. దిగాక ఇద్దరం ఒకే వరసలో నిలబడ్డాం. పెళ్ళయ్యాక ఒక సరిహద్దు దగ్గర అలా నిలబడటం అదే మొదటిసారి.

అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. మన కోరంగి రేవు పేరు మీదే అక్కడి తెలుగువాళ్ళను కోరింగీలు అనేవారు. పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ ఉంది. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1834 తర్వాత చెరకు తోటల కూలీకి వచ్చిన మనవాళ్ళు ఎక్కిన 16 మెట్లు చూశాం. మనిషికో నంబరు వేసి రిజిస్టరులో రాసుకునేవారట. వాళ్ళు ఆ దేశంలో ఉండగలిగేది తోట యజమానితో రాసుకున్న ఒప్పందం మీద. నాన్నగారి ప్రశ్న నాకు అక్కడ బాగా అర్థమైంది.

చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, మనసుకు నచ్చినవాళ్ళను చేసుకోండి, ఏ దేశంవాళ్ళైనా సరే. భాష నేర్చుకోండి, ఉద్యోగం వదలకండి, కార్డు మీ పేరున మీ కష్టం మీద తెచ్చుకోండి. టికెట్లు ఆ తర్వాత కొనండి. ఇంకా సందేహాలుంటే భోజనాల దగ్గర అడగండి. పూతరేకులు అయిపోయేలోగా నేను వెళ్ళాలి. సెలవు.