బెల్లపు వర్తకము – సరఫరా శృంఖల – దూరదృష్టి

(అనకాపల్లి సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మేము జీవితమంతయు బాలురకు శబ్దములును, విభక్తులును వల్లె వేయించినవారము. త్రాసు పట్టినవారము కాము. వర్తకులును, కర్షకులును నిండియున్న సభలో పంతులు వర్తకమును గూర్చి ప్రసంగించుట చేపపిల్లకు ఈత నేర్పుట వంటిదని యెరుగుదుము. అయినను ఏటిలో ఈదువానికి కానరాని వంపులు ఒడ్డున నిలిచినవానికి కనబడుటయు కలదు. ఆ ధైర్యముతోనే మొదలిడుచున్నాము.

నేడు వాణిజ్యవిద్యాలయములలో ‘సప్లై చైను మేనేజిమెంటు’ అను శాస్త్రమును బోధించుచున్నారు. కీత్ ఆలివర్ అను సలహాదారుడు 1982లో ఈ పేరును ప్రచారములోనికి తెచ్చెనని చెప్పుదురు. పేరు క్రొత్తది, పని ప్రాతది. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున సేద్యమునకు సీతాధ్యక్షుని, నిలువకు కోష్ఠాగారాధ్యక్షుని, విక్రయమునకు పణ్యాధ్యక్షుని వేరువేరుగా విధించెను. ఆ కోష్ఠాగార ప్రకరణముననే ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర అని చెరకు సంబంధమైన పదార్థములను ఒక వర్గముగా లెక్కించెను. మన బెల్లమునకు రాజభాండారమున అంత ప్రాచీనమైన స్థానము కలదు.

పొలమున చెరకు ముచ్చె నాటుట మొదలు ఎక్కడనో ఒక శిశువు నాలుకపై తీపి తగులువరకు నడుమనున్న చేతులన్నియు ఒకదానితో నొకటి పెనగొనియుండుటయే సరఫరా శృంఖల. శృంఖలాశబ్దమునుండియే మన తెనుగున ‘సంకెల’ పుట్టినది. గొలుసు మెడలో నున్నచో హారము. కాలికి తగిలినచో సంకెల. మన బెల్లపు గొలుసు ఈ రెంటిలో ఏది కావలయునో నిశ్చయించుకొనుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

పెద్దలు ‘యోగక్షేమములు’ అని రెండు మాటలను జంటగా వాడుదురు. లేనిదానిని సంపాదించుట యోగము. సంపాదించినదానిని కాపాడుకొనుట క్షేమము. మన వర్తకమున యోగమున్నంతగా క్షేమము లేదు. ఎట్లన, చెరకు పైరు పది పండ్రెండు మాసములు నేలను పట్టియుండును. నరికిన పిమ్మట ఒక దినమునకు మించి నిలువయుంచినచో తీపి క్షీణించి, బెల్లము గట్టిపడదు. కనుక నరుకుట, గానుగాడుట, వండుట ఒకే ఊపిరిలో జరుగవలయును. రసమును పెనములో కాచి, సున్నము వేసి, మడ్డి తీసి, పాకము కుదిరిన క్షణమున దించి దిమ్మలుగా పోయుదురు. గానుగపిప్పియే ఎండి పొయ్యికి ఇంధనమగును. టన్ను చెరకునకు ఇంచుమించు నూరు కిలోల బెల్లము దిగును. ఈ పని శీతకాలమున మొదలై వేసవితో ముగియును. తినువాడు మాత్రము పండ్రెండు మాసములును తినును. అయిదు మాసములలో పుట్టిన సరకు ఏడాదికి సరిపోవలయును. నడుమ వానకాలము వచ్చునప్పటికి బెల్లము చెమ్మగిల్లి, నల్లబడి, కారిపోవును. చేసినంత కష్టము కాపాడుటయందును కలదని దీనివలన తెలియుచున్నది.

మన అనకాపల్లి విపణి దేశమునందలి మిక్కిలి పెద్ద బెల్లపు విపణులలో నొకటి. ఇచ్చట దిమ్మలు ఒకటవ రకము, రెండవ రకము, మూడవ రకము అని తీర్చబడి, వేలము పాడబడి, లారీలకెక్కి ఒడిశాకు, వంగదేశమునకు, ఛత్తీస్‌గఢ్‌కు పోవును. ఈ బాటలో మూడు ప్రవాహములు కలవు. సరకు పొలమునుండి భోక్తవైపు సాగును. ధనము భోక్తనుండి పొలమువైపు తిరిగివచ్చును. వార్త రెండు దిక్కులకును పోవలయును. ఈ మూడింటిలో ఏది ఆగినను మిగిలిన రెండును చెడును.

మొదట ధనమును విచారింతము. నాట్లవేళ రైతునకు రొక్కము కావలయును. వర్తకుడు బయానా యిచ్చును. రైతు తన బెల్లమును ఆ కొట్టునకే తెచ్చును. ఇందు దోషము లేదు. బ్యాంకు వాకిలి తెరువని దినములలో ఆ చేయియే సేద్యమును నిలిపినది. అయితే ధర తేలునపుడు రైతునకు మరియొక కొట్టునకు పోవు స్వాతంత్ర్యము లేకున్నచో, ఆ గొలుసే సంకెలయగును. ఇది వర్తకునకును క్షేమము కాదు. గిట్టుబాటు కానరాని రైతు చెరకు మాని సరుగుడు నాటును. సరుగుడు నాటిన చేను మూడు నాలుగేండ్లవరకు చెరకునకు తిరిగిరాదు. ఈనాడు కిలోకు ఒక రూపాయి తగ్గించి లాభపడితినని సంతోషించిన వర్తకుడు రాబోవు నాలుగేండ్ల సరకును పోగొట్టుకొనుచున్నాడు. ఆ నష్టము ఏ ఖాతాలోను కనబడదు. విపణి పలుచబడినపుడే తెలియును.

ఇక వార్త. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున జే ఫారెస్టర్ అను ఆచార్యుడు 1958లో ఒక వింతను వివరించెను. తినువాని కోరికలో చిన్న మార్పు కలిగినను, గొలుసు పైకి పోవుకొలది అది పెద్దదై కనబడును. దీనిని మన విపణికి అన్వయింతము. ఒడిశాలో ఒక చిల్లర అంగడివాడు వారమునకు పది దిమ్మలు అమ్ముచున్నాడనుకొందము. పండుగ వచ్చి పండ్రెండు అమ్ముడుపోయినవి. చాలవేమోయని భయపడి అతడు పదునైదు కోరెను. టోకువర్తకుడు పదునైదును చూచి ఇరువది వ్రాసెను. ఇచ్చటి కమీషను వర్తకుడు ముప్పది యని తలచి ఊళ్లకు కబురంపెను. తినువాడు అధికముగా కోరినవి రెండు దిమ్మలు. రైతు చెవిని పడినవి ఇరువది. రైతు ఆ మాట నమ్మి అదనముగా నాటెను. ఏడాది గడచి ఆ చెరకు గానుగకు వచ్చునప్పటికి పండుగ పోయినది, అంగడివాడు మరల పదికే దిగెను, ధర కూలెను. ఇందు అబద్ధమాడినవాడెవడును లేడు. ప్రతివాడును తన జాగ్రత్తను తాను చూచుకొనెను. అందరి జాగ్రత్తలును కలసి అనర్థమైనవి. దీనికి ఔషధమొక్కటే: చిల్లర అంగడిలో నిజముగా అమ్ముడుపోయిన లెక్క రైతువరకు రావలయును. నేడు ప్రతి జేబులోను సెల్‌ఫోను ఉన్నది. లేనిది పంచుకొను మనస్సే.

ఇప్పుడు నిర్ణయములను గూర్చి. మన ధర్మశాస్త్రములు కర్మలను నిత్యములు, నైమిత్తికములు, కామ్యములు అని మూడు విధములుగా విభజించినవి. వర్తకమునకును ఇది చక్కగా పొసగును. ఈదినము ఏ లారీ కట్టవలయును, ఏ కొట్టున ఎంత పాడవలయును అనునవి నిత్యములు. తుపాను వచ్చినపుడు, దారి ఆగినపుడు చేయునవి నైమిత్తికములు. ఒక ఫలమును కోరి, సంకల్పము చెప్పుకొని, ఏండ్ల తరబడి నడుపవలసినవి కామ్యములు. మనము మొదటి రెంటియందు దక్షులము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చెరకుతోటలను పడగొట్టినపుడును, 2020 మార్చి 25 నుండి దేశమంతట రాకపోకలు నిలిచినపుడును మనవారు ఏదో విధమున గట్టెక్కిరి. మూడవదానియందు మాత్రము మన సంకల్పము బలహీనము.

సంకల్పబలమునకు మన యూరనే ఉదాహరణము కలదు. ఇచ్చటి చెరకు పరిశోధనాస్థానము 1913లో వెలసినది. ఒక క్రొత్త చెరకు రకమును పుట్టించి, పరీక్షించి, రైతుచేతికి ఇచ్చునప్పటికి పది సంవత్సరములకు పైబడును. ఫలమును చూతునో చూడనో యని తలపక పని మొదలిడిన వారి చలువయే నేటి మన తోట. అట్లే 1932లో దేశీయ చక్కెర పరిశ్రమకు రక్షణ కల్పించు చట్టము రాగా, 1933లో ఏటికొప్పాకలో రైతులు సహకార పద్ధతిపై చక్కెర పరిశ్రమను స్థాపించుకొనిరి. ఇదియు కామ్యకర్మమే.

సంకల్పము చెప్పుకొన్నంత మాత్రమున ఫలము రాదనుటకును ఉదాహరణములు దూరమున లేవు. మన పట్టణమునకు ప్రక్కనున్న తుమ్మపాల చక్కెర కర్మాగారము నేడు మూతబడియున్నది. ఏ ఒక్కరినో నిందించుట మా యుద్దేశము కాదు. చక్కెర మిల్లుల స్వభావమును చెప్పుచున్నాము. చెరకు చాలక యంత్రము నిలుచును; యంత్రము నిలిచి రైతుబకాయి పెరుగును; బకాయి పెరిగి చెరకు రాదు. తార్కికులు దీనిని చక్రక దోషమందురు. యంత్రము ఏబదియేండ్లకు కట్టబడును. చెరకొప్పందము ఒక్క యేటికి వ్రాయబడును. ఏబదియేండ్ల వస్తువును ఒక్క యేటి మాటపై నిలుపుటయే మూలమైన పొరపాటు. క్రొత్తగా ఏది కట్టదలచినను, దానికి సరకు ఎన్నియేండ్లు ఎవరు తెత్తురో ముందుగా కాగితముపై పెట్టవలయును.

కాబట్టి మన మహాసభ ఆలోచింపవలసిన కామ్యములు మూడు మనవి చేయుచున్నాము.

మొదటిది, ఏ బెల్లము చేయవలయును అనునది. కొనువారు రంగును చూచి ధర కట్టుచున్నారు. రంగుకొరకు వండువారు హైడ్రోసు వేయుచున్నారు. హైడ్రోసు వేయని వండువానికి ముదురురంగు బెల్లము వచ్చి, తక్కువ ధర పలుకుచున్నది. సత్యమునకు జరిమానా విధించు విపణి యెంతకాలము నిలుచును? ఒంటరిగా ఒక రైతు దీనిని మార్చజాలడు. నూరుగురు రైతులును, పదిమంది వర్తకులును కలసి, మందు వేయని బెల్లమునకు ఒక ముద్ర పెట్టి, పరీక్షాపత్రముతో వేరుగా అమ్మినచో మారును. సారాకు పోవు నల్లబెల్లముపై ప్రభుత్వములు ఆంక్షలు విధించినపుడెల్ల మంచి బెల్లపు వ్యాపారియు అనుమానమునకు లోనగుట మనమెరిగినదే. ముద్ర గౌరవమునకే కాక రక్షణకును అవసరము.

రెండవది, ఎచ్చట నిలువయుంచవలయును అనునది. ఉమ్మడి శీతల గిడ్డంగి కావలయునని పలువురు కోరుచున్నారు. కోరికకు ముందు లెక్క. నూరు కిలోల బెల్లమును కిలో 40 రూపాయల వంతున 4,000 రూపాయలకు కొని ఆరు మాసములు ఉంచితిమనుకొందము. నూటికి నెలకొక రూపాయి చొప్పున వడ్డీ 240. అద్దెయు కూలియు 100. తరుగు మూడు కిలోలు. 4,340 రూపాయలను 97 కిలోల నుండి రాబట్టవలయును. కిలో 44 రూపాయల 74 పైసలు దాటినగాని లాభము లేదు. ఈ లెక్క తెలియక దాచుట జూదము. తెలిసి దాచుట వర్తకము. గిడ్డంగి రశీదునే ధనపత్రముగా గుర్తించు చట్టము 2007లో వచ్చినది. రైతు సరకును అప్పగించి, రశీదుపై అప్పు తెచ్చుకొని, ధర వచ్చినపుడు అమ్ముకొను మార్గము మన బెల్లమునకు ఎంతవరకు వర్తించునో న్యాయవాదులైన మన సంఘీయులు విచారించి చెప్పవలయును. అది కుదిరిన నాడు సంకెల సడలును. వర్తకుని పెట్టుబడియు చిక్కుపడదు.

మూడవది, ఎన్ని బాటలు ఉంచుకొనవలయును అనునది. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అను ఓడ సూయెజ్ కాలువలో అడ్డుతిరిగి ఆరు దినములు లోకవాణిజ్యమును ఆపివైచినది. ఒక్క ఓడ, ఒక్క కాలువ! మనకు రాజరహదారియు, చెన్నపట్టణ–హౌరా రైలుమార్గమును ముంగిటనే కలవు. విశాఖ రేవు 1933నుండి సమీపముననే యున్నది. అయినను మన సరకు చాలవరకు ఒకే రూపమున, కొలదిమంది కొనుగోలుదారులకే పోవుచున్నది. పెద్ద దిమ్మతోపాటు చిన్న అచ్చులును, పొడిబెల్లమును చేసినచో గృహిణి వంటింటివరకు మన పేరు పోవును. రూపములు అనేకములు, బాటలు అనేకములు అయినపుడు ఒకటి మూసికొన్నను రెండవది తెరచియుండును. దీనికి కొంత వ్యయము తప్పదు. ఇంటికి రెండవ ద్వారము పెట్టినవాడు దానిని దినదినము వాడడు. నిప్పంటినపుడు దాని విలువ తెలియును.

పోషక మహాశయులకు ప్రత్యేకముగా ఒక మాట. మన సంఘనిధితో సత్రములు, మండపములు వెలసినవి, అవి కీర్తికరములే. ఇకమీదట నిధిలో కొంతభాగమును ఏటేట ఇద్దరు యువకులకు – ఒకరికి ఆహారసాంకేతిక విద్యయు, ఒకరికి వాణిజ్యగణితమును – చదువుటకు వినియోగింప ప్రార్థించుచున్నాము. గానుగ దగ్గర పని తెలిసిన చేతులు ఏటేట తగ్గుచున్నవి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైనది. అచ్యుతాపురము, పరవాడల కర్మాగారములు మన బిడ్డలను పిలుచుచున్నవి. వారు పోవుట తప్పు కాదు. తిరిగివచ్చుటకు ఇచ్చట గౌరవప్రదమైన పని లేకుండుటయే తప్పు. మండపమున పెండ్లి ఒకనాడు జరుగును. విద్య నేర్చిన బిడ్డ వలన విపణి ఒక తరము నిలుచును.

చెరకు నాటువాడు పదిమాసములు ముందు చూచును. విత్తనమును సృష్టించువాడు పదియేండ్లు ముందు చూచును. సంఘము ఒక తరము ముందు చూడవలయును. అట్లు చూచినపుడే మన గొలుసు సంకెల గాక హారమగును. రాబోవు మహాసభనాటికి ఈ మూడింటిలో ఒక్కటియైన కార్యరూపము దాల్చి, దాని జమాఖర్చు లెక్క ఈ వేదికపై చదువబడుగాకయని కోరుచున్నాము.