బలపపురాతి శిల్పి జోరమ్ మారిగా



ఆఫ్రికా ఖండమున దక్షిణభాగమందు జింబాబ్వే యను దేశము కలదు. అచటి షోనా భాషలో ఈ పేరునకు రాతియిండ్లని యర్థము చెప్పుదురు. సున్నము వాడక రాతిపై రాయి పేర్చి కట్టిన ప్రాచీననగర మొకటి నేటికిని అచట నిలిచియున్నది. దాని శిథిలములలో బలపపురాతితో చెక్కిన పక్షివిగ్రహములు దొరకినవి. వలసవచ్చిన తెల్లవారిలో పలువురు, అది నల్లవారి కట్టడము కానేరదని చిరకాలము వాదించిరి. అట్టి వాదము చెల్లుచున్న దినములలో, 1927వ సంవత్సరమున, జోరమ్ మారిగా జన్మించెను.

ఆయన వృత్తిచే శిల్పి కాడు. న్యాంగా కొండసీమలో రైతులకు సేద్యపు మెలకువలు నేర్పు చిన్న ప్రభుత్వోద్యోగి. ఇంటివారికి కొయ్యచెక్కడము అలవాటు గనుక చేతికి ఉలి కొత్తది కాదు. 1950 దశకము చివర ఆ ప్రాంతమున బాట వేయుచుండగా ఆకుపచ్చని మెత్తని రాయి బయటపడెను. మన పిల్లలు పలకమీద వ్రాయు బలపము ఎట్టిదో అదియు నట్టిదే. గోటితో గీచినను గీత పడును. మారిగా ఆ ముక్కలను తెచ్చి తీరికవేళల చెక్కనారంభించెను. రాతిపని నేర్పిన గురువు లేడు. మన స్థపతులవలె తాళమానములు వల్లించినవాడును కాడు.

మెత్తనిరాయి చేతికి లొంగిన పిమ్మట ఆయన గట్టిరాళ్లకు దిగెను. ఈ పని ఓర్పునకు పరీక్ష. సుత్తితో, ఉలితో రూపము తేల్చి, ఆకురాయితో రాచి, నీరు చల్లుచు గరుకుకాగితముతో నునుపు చేయవలెను. పిదప రాతిని నిప్పుసెగకు వేడిచేసి మైనము పూయుదురు. అంతవరకు బూడిదవన్నెగా నున్న రాయి ఒక్కసారిగా తన నిజవర్ణమును బయటపెట్టును! కొందరు శిల్పులు ఒక భాగమును మెరుగు పెట్టక, రాతి పైపెచ్చును అట్లే యుంచుదురు.

రాజధాని సాలిస్‌బరీలో (నేటి హరారే) 1957లో జాతీయ చిత్రశాల తెరువబడెను. ఫ్రాంక్ మెక్‌యూయెన్ అను ఆంగ్లేయుడు దాని ప్రథమాధికారి. ఆయన మారిగా పనిని చూచి ప్రోత్సహించెను. మారిగా తన మేనల్లుండ్రైన జాన్ టకవిరా, బెర్నార్డ్ టకవిరాలకును, మరికొందరికిని విద్య చెప్పెను. ఆయనవద్ద నేర్చిన క్రిస్పెన్ చకన్యుక 1966లో టెంగెనెంగెలోని పొగాకు కామందు టామ్ బ్లోమ్‌ఫీల్డునకు అచటి రాతి విలువ తెలియజేసెను. అంతర్జాతీయ ఆంక్షలచే పొగాకు అమ్ముడుపోని కాలమది. కూలీలు శిల్పులైరి. 1971లో ఈ దేశపు శిల్పములు పారిస్ నగరమున రోడాఁ ప్రదర్శనశాలకు చేరెను.

కాని ఖ్యాతిలో అధికభాగము మెక్‌యూయెన్‌కు దక్కెను. ఆయన చేసిన మేలు చిన్నది కాదు, నిజమే. ఐనను పట్టా ఎవరి పేర నున్నను, తొలుత నాగలి పెట్టినవాని నెరుగవలదా? ‘షోనా శిల్పము’ అను పేరును పూర్తిగా సరిపడదు. టెంగెనెంగెలో ఉలి పట్టినవారిలో మలావీ, అంగోలా, మొజాంబిక్ దేశములనుండి కూలికి వచ్చినవారు అనేకులు.

1980లో దేశము స్వతంత్రమైనది. మారిగాను జింబాబ్వే శిల్పమునకు పితగా పేర్కొనసాగిరి. 2000వ సంవత్సరమున ఆయన కాలధర్మము నొందెను. అప్పటికి శిష్యులైన మేనల్లుండ్రిద్దరును, జాన్ 1989లో, బెర్నార్డ్ 1997లో, ఆయనకంటె ముందే గతించియుండిరి.