వింతమృగముల పెంపకము



ముప్పది రెండు సంవత్సరములు బడిపంతులుగా నుండి, పిల్లలకు శబ్దములును సమాసములును పద్యపాఠములును చెప్పి విశ్రమించినవాడను. కూర్చుండి యాడు ఆటలయెడ నాకు పెద్ద ఆదరము లేదు. అట్టి నేను నేడొక వీడియో ఆటను గూర్చి, అందలి వింతమృగముల పెంపకమును గూర్చి ప్రసంగింప బూనుట మీకు చోద్యముగ దోచవచ్చును. నాకును చోద్యముగనే యున్నది.

గడచిన వేసవిలో నా మనుమడు బెంగుళూరునుండి మా పల్లెకు వచ్చెను. మాది శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి దరి నొక చిన్న గ్రామము. ఒకనాటి మధ్యాహ్నము వానిని భోజనమునకు బిలిచితిని. వాడు అరుగుమీద కూర్చుండి, చేతిలోని ఆటపెట్టెనుండి కన్నెత్తక, "ఉండు తాతా, నా వాటికి ఇంకా మేత వెయ్యలేదు" అనెను. మేత యను మాట వినగనే నా చెవులు నిక్కినవి. 2019వ సంవత్సరము తరువాత మా యింట నెవ్వరును ఆ మాట పలికి యెరుగరు. భోజనము సంగతి మరచి నేనును వాని ప్రక్క చతికిలబడితిని.

ఆ ఆట పేరు రూన్ ఫ్యాక్టరీ. జపాను దేశమున 1996లో సేద్యపుటాట యొకటి వెలువడినది. ఇంగ్లీషువారు దానిని హార్వెస్ట్ మూన్ అని పిలిచిరి. నేల దున్నుట, విత్తుట, నీరు పెట్టుట, ఆవులను సాకుట, ఇదియే అందలి పని. దాని శాఖగా 2006లో ఈ రూన్ ఫ్యాక్టరీ పుట్టినది. ఇందు ఆవులకు మారుగ అడవులలోను గుహలలోను తిరుగు వింతమృగములుండును. నా మనుమడు వానిని మాన్‌స్టర్లనెను. రాక్షసులని తెనిగింపబోయి మానుకొంటిని. రాక్షసుడనగా మనకు బకాసురుడు జ్ఞప్తికి వచ్చును. బండెడన్నమును, దానిని తెచ్చినవానిని గూడ మ్రింగువాడు. ఇవి మీదబడి కొట్టునే కాని యంతటివి కావు. వూలీ యనునది రెండు కాళ్లమీద నిలిచిన గొఱ్ఱె వంటిది. దానికి ఉన్ని కత్తిరింతురు. బఫ్ఫామూ పాలిచ్చును. క్లకడూడిల్ గ్రుడ్లు పెట్టును. ఈ కడపటి పేరు పలుకుటకు నా నాలుక తిరుగలేదు. పాణినీయమును వల్లించిన నాలుక యని చెప్పుకొన్నను మనుమడు నవ్వు మానలేదు.

వీనిని కత్తితో కొట్టి యోడించినచో చావవు. తాము వచ్చిన ఆదివనమునకు మరలిపోవును. సాకదలచినచో కొట్టి ప్రయోజనము లేదు. దాని కెదుట నిలిచి ఏదేని వస్తువు కానుక యీయవలెను. ఒకసారికి లొంగదు, రెండుసార్లకు లొంగదు. ఓపిక పట్టి మరల మరల ఈయవలెను. లొంగిన పిదప ఉంచుటకు సాల కావలెను. సాల కట్టుటకు కలపయు రాయియు ముందుగనే కూర్చుకొనవలెను. దినదినము మేత వేయవలెను, కుంచెతో ఒడలు దువ్వవలెను. దువ్వినకొలది చెలిమి హెచ్చును. చెలిమి కుదిరిన మృగము పొలములోనికి బోయి మొక్కలకు నీరు పెట్టును, పంట కోయును.

ఈ చెలిమి మాట దగ్గర నేనాగిపోతిని. విరాటపర్వమున సహదేవుడు తంత్రీపాలుడను పేర కొలువు గోరి వచ్చినపుడు రాజుతో తన బాహుబలమును జెప్పుకొనలేదు. మందలోని పసులలెక్క తనకు తప్పదనియు, రోగము రాకుండ కాచి మందను వృద్ధి చేయు నుపాయము లెరుగుదుననియు, మేలి లక్షణములుగల ఆబోతులను గుర్తింపగలననియు జెప్పెను. ఆ ఘట్టమును నేనెన్నియో యేండ్లు పాఠము చెప్పితిని. చెప్పినప్పుడెల్ల రాజకుమారునకు వచ్చిన దుర్దశ యని యొక నిట్టూర్పు విడిచి, కీచకుని కథకు త్వరపడితిని. అది నేర్వవలసిన విద్య యని ఒక్కనాడైన పిల్లలకు చెప్పనైతిని. పదునొకండేండ్ల బాలుడు తెరమీద దానిని నేర్చుచుండగా చూచి సిగ్గుపడితిని.

అయినను దువ్వుట విషయమున వానితో వాదము వేసికొంటిని. మా తండ్రిగారు తెల్లవారకమునుపే వరిగడ్డిని చుట్టగా జుట్టి ఎద్దుల యొడలు తోమెడివారు. అది నిగనిగలకొరకు మాత్రమే కాదు. చెవుల వెనుకను, తోక మొదటను, తొడల సందునను పిడుదులు పట్టును. అవి చేతికి తగులును. చర్మ మెక్కడ ఉలికిపడుచున్నదో, కాడి రాచినచోట వాపున్నదో, ముట్టె తడిగా నున్నదో ఎండినదో, నెమరు వేయుచున్నదో లేదో, ఇవియన్నియు ఆ అరగంటలో తెలియును. గాలికుంటు వచ్చినపుడు నోట చొంగ కారుటకు ముందే, మేత ముట్టక నిలిచినప్పుడే, మా తండ్రిగారు కనిపెట్టి దానిని వేరుగ కట్టుట నేనెరుగుదును. ఆటలో మీట నొక్కగనే సంతోషపు గుర్తొకటి లేచును, దానితో సరి.

"మరి నీ ఎద్దుకి ఏం లేచేది తాతా?" అని వాడడిగెను.

చెవులు వ్రేలవేసి, కన్నులరమోడ్చి నిలుచుటే గాని మరేమియు లేవదంటిని.

"అదేమయింది?"

మా యెద్దు పేరు మల్లన్న. దాని జతది ముందే మరణించెను. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేది తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దరిని తీరము దాటినది. ఆ రాత్రి గాలి లేచుట చూచి, లాంతరు పట్టుకొని సాలలోనికి బోయి పలుపు విప్పితిని. తుపాను రాత్రి పశువును కట్టి యుంచరాదు. సాల కూలినచో కట్టుకొయ్య దగ్గరనే చచ్చును. తెల్లవారునప్పటికి సాలకు కప్పు లేదు. కొబ్బరిచెట్లు నేలగూలి యున్నవి. మల్లన్న యింటి వెనుక గోడచాటున, ఒడలెల్ల నీరు కారుచు నిలిచియుండెను. ఎటు పోయినను ఆపువారు లేరు, అది పోలేదు.

మరుసటి యేడు దానిని నారాయణవలస సంతకు తోలించి అమ్మితిని.

కారణములు లేకపోలేదు. గడ్డివామి తుపానులో పోయినది. తరువాతి పంటను యంత్రముతో కోయించితిమి. ఆ యంత్రము గడ్డిని తుంపులు చేసి పొలముననే చల్లిపోవును, పశువుకు మిగులదు. దుక్కి ట్రాక్టరు చేసెను. ఎద్దునకు పనిలేదు, ప్రాయము మళ్లినది. నాకు మోకాళ్లు పట్టినవి. ఊరిలో అందరును అట్లే చేసిరి. 2019 నాటి పశుగణనములో దేశవాళి గోసంతతి 2012 నాటికంటె నూటికి 6 వంతులు తగ్గెనని తేలినది. కాని కొన్నవాడు సేద్యగాడు కాడని నాకు తెలియును. తెలిసియే యిచ్చితిని. వాడు తన త్రాడు తగిలించి మా పలుపు నా చేతికిచ్చెను. అది నేటికిని మా సాల గోడను వ్రేలాడుచున్నది.

అంతవరకు ఎవరడిగినను "ముసలిదై పోయినది" అని చెప్పుచుంటిని. పోవుట యను క్రియకు తెలుగున రెండర్థములుండు సౌకర్యమును, వ్యాకరణము చెప్పినవాడను గనుక, బాగుగ వాడుకొంటిని. ఆనాడు మనుమనితో మాత్రము అమ్మితినని చెప్పితిని. ఎవరికని యడిగెను. అదియు చెప్పితిని.

వాడు కొంతసేపు తెరవైపు చూచి, "నా వూలీ కూడా ఇప్పుడు దేనికీ పనికిరాదు తాతా. మొట్టమొదట దొరికింది అదే. సాల నిండిపోయింది, దాన్ని వదిలెయ్యమంటే ఒక్క మీట. వదల్లేదు" అనెను.

ఎందుకురా యంటిని.

"రోజూ దువ్వాను కదా."

తెరమీది మృగమునకు ముసలితనము లేదనియు, దానికి వేయు గడ్డి యే పొలమునను పండనక్కరలేదనియు వానికి చెప్పవచ్చును. చెప్పబోతిని గూడ. అన్నము చల్లారుచున్నదని లోపలినుండి పిలుపు వచ్చినది, లేచితిమి.

మా యెదురింటివారికి ఒక పెయ్యదూడ కలదు. ఆ సాయంకాలము వాడు బట్టలుతుకు బ్రష్షు నొకదానిని చేతబట్టి, వారినడిగి, దానికడకు బోయెను. నేను వెనుక నడచితిని. వాడు వెన్నుమీద దువ్వగా దూడ ప్రక్కకు జరిగెను. మరల దువ్వగా మరల జరిగెను. "దీనికి నచ్చట్లేదు తాతా" అనెను. నేను వాని చేయి పట్టుకొని గంగడోలు క్రిందికి దింపి, మెల్లగ పైకి దువ్వుమంటిని. దూడ మెడ చాచెను.