మన యిండ్లలోని తొలిగుక్క
(గీతకులముల వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

కుటుంబక్షేమమును గూర్చియు, యువజనుల పానదోషమును గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు వ్రాసినపుడు నేను వెంటనే ఒప్పుకొనలేదు. నేను వైద్యుడను గాను, పండితుడను గాను. ముప్పది యేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. నా తండ్రి నడుమునకు మోకు బిగించి, ముత్తాదు ధరించి, దినమునకు రెండుమారులు తాళ్లెక్కి నన్ను చదివించెను. నా పలకయు బలపమును కల్లు సొమ్ముతో కొన్నవే. అట్టివాడు పానమును నిందించుట తిన్నయింటి వాసములు లెక్కించుట కాదా యని సంకోచించితిని. కాని ఈ మాట పరులు చెప్పినచో మనవారు వినరు. మనలో నొకడే చెప్పవలసియున్నదని తరువాత తోచి వచ్చితిని.

మనవారేల వినరో ముందుగా చెప్పుట న్యాయము. చెన్నపురి రాజధానిలో 1937లో సేలము జిల్లాయందు మద్యనిషేధము మొదలయ్యెను. 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు ప్రాకెను. 1948 నాటికి ఆ రాష్ట్రమంతటను వ్యాపించెను. నిషేధించినవారు నగరములలో సన్మానములందిరి. కత్తి దించి చెట్టు దిగినవాడు పస్తుండెను. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మట సర్దార్ గౌతు లచ్చన్నగారు గీతపనివారి పక్షమున సత్యాగ్రహము నడిపిరి. 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధపు తగవుమీదనే ఒక్క వోటు తేడాతో కూలిపోయెను. నేను నిజాము పాలించిన నల్లగొండ సీమవాడనైనను, ఈ కథలన్నియు మా తండ్రి నోట విన్నవాడనే. పానమును తిట్టువాడు మన కూటిని తిట్టుచున్నాడని మన పెద్దలు తలచుట కిట్లు కారణము కలదు. వారి తలపు ఆనాటికి తప్పు కాదు.

అయితే నేడు మన బిడ్డలు త్రాగుచున్నది మన కల్లు కాదు. ఇది గ్రహింపక మనమింకను పాతతగవునే పట్టుకొని యున్నాము. మా ఊరి మండువకు పోయి చూడుడు. కూర్చున్నవారందఱు ఏబదియేండ్లు దాటినవారు. పడుచువాండ్రు చెఱువుకట్ట మీదను, మూతపడిన రైసుమిల్లు వెనుకను సీసాలతో నుందురు. క్వార్టరు సీసా యనగా 180 మిల్లీలీటర్లు. మన దేశపు విస్కీలో నూటికి 42.8 పాళ్లు మద్యసారము. లెక్క వేసినచో ఒక్క క్వార్టరులో 77 మిల్లీలీటర్ల మద్యసారము తేలును. నూటికి అయిదుపాళ్ల పులుపెక్కిన కల్లులోనుండి అంత మద్యసారము పొందవలెనన్నచో లీటరున్నర త్రాగవలెను. మా తాతల కాలమున లీటరున్నర కల్లు త్రాగుటకు ఒక సాయంకాలము పట్టెడిది, కడుపు నిండెడిది, నడుమ నలుగురి మాటలుండెడివి. పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడు క్వార్టరును పదినిముషములలో ముగించి మోటారుసైకిలెక్కుచున్నాడు.

ఇట్లనుటచేత కల్లు నిర్దోషియని నేను వాదించుచున్నానని తలపవలదు. మద్యసారము ఏ కుండలోనున్నను మద్యసారమే. అది పుట్టకురుపు పుట్టించు పదార్థమని అంతర్జాతీయ పరిశోధనసంస్థవారు 1988లోనే నిర్ణయించిరి. ఇంత మోతాదువఱకు హానిలేదని చెప్పదగిన హద్దేదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో ప్రకటించెను. చదువుకొన్నవాడనై యుండియు, మన వృత్తిమీది మమకారముచేత ఈ సంగతిని ఒప్పుకొనుటకు నాకు కొంతకాలము పట్టినది.

కల్లు మాట వచ్చినది గనుక మఱొకటి దాచక చెప్పవలెను. కొందఱికి కోపము వచ్చినను రానిండు. చెట్టునుండి దిగిన కల్లు వేఱు. చెట్టే లేనిచోట కంపౌండులో తయారగు కల్లు వేఱు. పట్టణములో ఈదులెక్కడ? తాళ్లెక్కడ? అయినను లొట్టులు నిండుచునే యున్నవి. ఆల్ప్రాజోలము, డయాజిపాము, క్లోరలు హైడ్రేటు అను నిద్రమందులు నీళ్లలో కలిపి, కల్లు పేరు పెట్టి అమ్ముచున్నారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు త్రాగి పేదలు ప్రాణములు విడిచిరి. అది త్రాగువారు మనవారు కాకపోవచ్చును, అమ్మువారిలో మనవారున్నారు. తెల్లవాఱుజామున చెట్టెక్కి నడుము విఱుగగొట్టుకొనుచున్న గీతపనివానికి ఈ మందుకల్లు వ్యాపారికంటె పగవాడు లేడు. సంఘసభ్యత్వపు పట్టికలో ఇరువురి పేర్లును పక్కపక్కనే యున్నవి. ఇది నాకు సిగ్గుగా నున్నది.

ఇక నా యింటి సంగతి. నా చెల్లెలి కుమారునికి పదునేడవయేట మా యింట గృహప్రవేశపు విందు జరిగెను. మన కార్యములు ఎఱుగనివా? పెండ్లియైనను, బోనాలైనను, చనిపోయినవారికి మూడవనాడు పక్షికి పెట్టుటయైనను, మాంసమును మద్యమును లేనిదే ఆడపడుచు అలుగును, వియ్యంకుడు లేచిపోవును. ఆనాడు కుఱ్ఱవాడు గోడ కానుకొని నిలుచుండగా నేనే గ్లాసందించితిని. “పట్టురా అల్లుడా, ఒక్క గుక్కకు ఏమైతది!” అని నవ్వుచు నంటిని. అందఱు నవ్విరి. వాడు సిగ్గుపడుచు పుచ్చుకొనెను. మా చెల్లెలు వంటయింటి గుమ్మమునుండి చూచెను గాని అన్నమాటకు ఎదురు చెప్పలేదు.

మెదడు ఇరువదియైదేండ్ల ప్రాయమువఱకు ఎదుగుచునే యుండుననియు, చిన్నతనమున త్రాగుట మొదలిడినవారికి అది వ్యసనమగు భయము హెచ్చనియు నేనప్పుడెఱుగను. ఎఱిగియున్నను ఆ నవ్వులలో మానియుందునా యనునది వేఱు ప్రశ్న. ఇరువదియాఱవయేటికి వాడు ప్రొద్దున ముఖము కడుగకమునుపే వెదుకుకొను స్థితికి వచ్చెను. కొలువు పోయెను. భార్య పుట్టింటికి పోయెను. అప్పుడు మేము పెద్దలమందఱము కూడి గొప్ప యుపాయము పన్నితిమి: గదిలో పెట్టి తాళము వేసితిమి. మొదటిదినము వణకెను, మనసు గట్టిచేసికొంటిమి. రెండవరాత్రి మూర్ఛ వచ్చెను. మూడవదినము గోడమీద చీమలు ప్రాకుచున్నవని కేకలు వేయుచు కన్నతల్లిని గుర్తింపలేదు. కొందఱు గాలి సోకినదనిరి. ప్రభుత్వాసుపత్రికి మోసికొనిపోగా, ఇంకొక పూట ఆలస్యమైనచో దక్కకపోవునని వైద్యుడు మమ్ము మందలించెను.

సోదరులారా! ఈ యొక్క సంగతి మీరు జ్ఞాపకముంచుకొన్నచో నా రాక సార్థకము. నిత్యము విశేషముగా త్రాగువాడు ఒక్కసారిగా మానుట ప్రాణాపాయము. వణకు, చెమట, మూర్ఛ, మతిభ్రమ - ఇవి పొగరు కాదు, దయ్యము కాదు, వ్యాధి. 2020 మార్చి నెలాఖరున కరోనా కారణముగ దుకాణములన్నియు మూతపడగా, హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునకు ఈ లక్షణములతో జనము గుంపులుగా వచ్చిరి. వైద్యుని పర్యవేక్షణలో మందులిచ్చి క్రమముగా మాన్పవలెను. మనదేశమున మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో యొక చికిత్స దొరకుచున్నదని 2019లో వెలువడిన అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థవారి లెక్క. దారి తెలియనివారు 14446 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును, రుసుము లేదు. నా మేనల్లుడు చికిత్స పొంది, రెండుమారులు మఱల జాఱిపడి, మూడవమారు నిలద్రొక్కుకొనెను. ఇప్పుడు భార్య వచ్చియున్నది. జాఱిపడినపుడెల్ల “వీడింతే” యని మేమన్న మాటలే వానిని ఎక్కువ బాధించెనని తరువాత నాతో చెప్పెను.

దీని పిమ్మట మా ఊర యువకుల కొఱకు ఏదైన చేయవలెనని బయలుదేరితిమి. మొదట ఒక ఉపన్యాసము పెట్టించి చెడిన కాలేయముల చిత్రపటములు చూపితిమి. కుఱ్ఱవాండ్రు కిసుక్కున నవ్వి, సభ ముగియగానే చెఱువుకట్టకే పోయిరి. తరువాత భజన ఏర్పాటు చేసితిమి. నా యీడువారు మాత్రమే వచ్చిరి. అప్పుడొక కుఱ్ఱవాడు, “పంతులుగారూ, ఆఱుగంటలకు మేమెక్కడికి పోవలెనో చెప్పుడు” అనెను. నిజమే గదా! పొలముపని తగ్గినది, ఉద్యోగము దొరకలేదు, ఇంట కూర్చున్నచో తండ్రి దెప్పును. ఊరిలో దీపము వెలుగుచున్న చోటు బెల్టుదుకాణమొక్కటే.

అంతట, పెండ్లిపందిరి సామానులు పడవేసి తాళము పెట్టియుంచిన సంఘపు గదిని బాగుచేయించి, సాయంకాలము ఆఱు మొదలు తొమ్మిదింటివఱకు తెఱచి యుంచితిమి. వాలీబాలు వలయొకటి, రెండు దీపములు, దినపత్రికలు, పోలీసు ఉద్యోగపు పరీక్షకు చదువుకొను పుస్తకములు, ఇంతియే. మొదటినెలలో పదునొకండు మంది వచ్చిరి. ఆదివారములందు పెద్ద గీతపనివారొకరు తాడి ఎక్కుట నేర్పుచున్నారు. వృత్తి చేయనక్కఱలేదు, విద్య తెలిసియుండవలెనని నా పట్టుదల. ప్రభుత్వము 2024 జూలై నుండి పంచుచున్న కాటమయ్య రక్షణకవచము ధరించియే యెక్కవలెనని నియమము. సూర్యోదయమునకు ముందు సున్నము పూసిన లొట్టిలో దింపిన నీరాకు మత్తుండదు. దానిని వారిచేతనే దింపించి, చల్లార్చి, ఆటగాండ్రకు పోయించుచున్నాము. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెఱచినపుడు మనవారందఱు సంతోషించితిమి గాని, ఊళ్లలో దానికొక త్రోవ వేయుటకు పూనుకొనలేదు.

వచ్చినవారందఱు మానిరని చెప్పను. ఇద్దఱు ఇప్పటికిని శనివారము కట్టమీదికి పోవుదురు. కాని పోయినవారు మఱునాడు ఆటకు వచ్చుచున్నారు, మునుపటివలె ముఖము చాటువేయుట లేదు.

స్త్రీలను గూర్చి ఒక మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి పోయి అక్షరములు నేర్చిన స్త్రీలు, వర్ధినేని రోశమ్మగారు మున్నగువారు, సారాదుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొని 1993 అక్టోబరులో సారా రద్దయ్యెను, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చెను, 1997లో సడలిపోయెను. ఖజానాకు రాబడి కావలసియున్నంతకాలము ప్రభుత్వపు టుత్తరువు ఎంత నిలుచునో దీనినిబట్టి ఊహింపవచ్చును. మన యింటి విందులో ఏమి పోయవలెనో నిర్ణయించుటకు మాత్రము ఉత్తరువక్కఱలేదు. కాని నిర్ణయించునది మనమే, మగవారము; వండునది వారు. ఈ సభలో ముందు వరుసలన్నియు తలపాగలతో నిండియున్నవి, అమ్మలు వెనుక చాపలమీద కూర్చున్నారు. వచ్చు సంవత్సరమైనను దీనిని మార్చుడని ఆహ్వానసంఘమువారిని వేడుచున్నాను.

ఇరువది యొక్క సంవత్సరములు నిండనివానికి మద్యమమ్మరాదని మన ఎక్సైజు చట్టము చెప్పుచున్నది. దుకాణదారుని పట్టుకొనుటకు రక్షకభటులున్నారు. మేనమామను పట్టుకొనుట కెవరున్నారు? అందుచేత ఒక్క చిన్న తీర్మానమును మీ యెదుట ప్రతిపాదించుచున్నాను. సంఘసభ్యుల యిండ్లలో జరుగు ఏ శుభాశుభకార్యమందును ఇరువది యొక్క యేండ్లు నిండనివారికి ఎవరును మద్యము గాని కల్లు గాని అందింపరాదు. కల్తీకల్లు అమ్మినట్లు రుజువైనవారి సభ్యత్వము రద్దుచేయవలెను. ప్రతి గ్రామశాఖయు తన గదిని సాయంకాలము తెఱచి యుంచుటకు కేంద్రసంఘము దీపములకును పత్రికలకును సొమ్మీయవలెను. రెండవభాగమునకు కొందఱు సవరణ తెత్తురని విన్నాను. తెచ్చినచో పేరు చెప్పి వేదికమీద నిలిచి తెండని నా మనవి.

బలపరచుటకు వెనుక వరుసలోనుండి నా చెల్లెలు చేయెత్తుచున్నది. ఆనాడు గుమ్మమున నిలిచి పలుకనిది ఆమెయే. ఆమెకు దారి యిండు.