కరోనా కాలంలో మన గూడేలు: గ్రామసభకు దక్కని చోటు



2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 2న భద్రాద్రి రాములవారి కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. ఉత్సవాన్ని ఉత్తర్వుతో ఆపవచ్చు, ఇప్పపువ్వును ఆపలేం. అది రాలేది ఆ రోజుల్లోనే. సంతలు మూతపడితే ఏరిన పువ్వు ఇంట్లోనే ఉండిపోయింది, ఉప్పుకూ నూనెకూ చేతిలో పైసా లేదు.

ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. వలస కూలీలకూ 12 కిలోలు, 500 రూపాయలు ప్రకటించింది. మంచిదే. కానీ అందాలంటే పేరు జాబితాకెక్కాలి. అడవి లోపలి గుత్తికోయ గూడేల పేర్లు ఎవరు రాశారు? మిరప కోతలకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు పిల్లలతో అడవిదారిన నడిచిపోయారు.

2014లో ఏటపాక, చింతూరు, కూనవరం ఆంధ్రలో కలిశాయి. అక్కడి మనవాళ్లకు ఆసుపత్రైనా, చుట్టరికమైనా ఇప్పటికీ భద్రాచలమే. చెక్‌పోస్టుకు మాత్రం వాళ్లు పొరుగు రాష్ట్రంవాళ్లు. 2021 మేలో సరిహద్దుల్లో అంబులెన్సులను ఆపితే హైకోర్టు అడ్డుపడాల్సి వచ్చింది.

ఊరి పొలిమేరకు ముళ్లకంప వేయించింది పటేళ్లు, కులపెద్దలు. ఎవరింట గింజలు నిండుకున్నాయో తెలిసింది ఆశా కార్యకర్తకు, ఇరుగుపొరుగుకు. అయితే ఊరి కట్టులోనూ లోపముంది. భయంతో సొంతవాళ్లనే లోపలికి రానివ్వని ఊళ్లున్నాయి.

అందుకే మేము అడిగేది ఒక్కటే. 1996 పీసా చట్టం గ్రామసభను గుర్తించింది. ఆపద వచ్చినప్పుడు జాబితా అక్కడే, అందరి ఎదుటా రాయాలి. అప్పుడు అధికారికీ, కులపెద్దకూ ఇద్దరికీ జవాబుదారీ ఉంటుంది.

జై ఆదివాసీ!